స్కోరు తగ్గితే గాయమేనా?

2020 జనవరి 8 తెల్లవారుజామున ఇరాక్‌లోని అల్ అసద్ వైమానిక స్థావరం మీద ఇరాన్ బాలిస్టిక్ క్షిపణులు వచ్చి పడ్డాయి. దాడి జరగబోతోందని కొన్ని గంటల ముందే కబురు అందడంతో అక్కడున్న అమెరికా సైనికుల్లో చాలామంది బంకర్లలో తలదాచుకున్నారు. ఒక్క ప్రాణమూ పోలేదు. తమ వాళ్లెవరికీ ఏమీ కాలేదని ఆ రోజే అమెరికా అధ్యక్షుడు ప్రకటించారు. వారం దాటాక, 11 మందిని చికిత్సకు పంపామని సైన్యం చెప్పింది. ఆ సంఖ్య 34 అయింది, తర్వాత 50, ఆపైన 64. ఫిబ్రవరి 10 నాటికి 109కి చేరింది. అందరికీ రాసిన జబ్బు ఒకటే: తేలికపాటి మెదడు గాయం.

ఇలాంటి గాయానికి ఒంటి మీద గాటు ఉండనక్కర్లేదు. సీటీ స్కాన్ తీసినా సాధారణంగా ఏమీ కనబడదు. మరి గాయపడ్డారని తేల్చేది ఎలా? డాక్టర్లు ముందు కథంతా అడుగుతారు. పేలుడు జరిగినప్పుడు స్పృహ తప్పిందా, ఎంతసేపు అయోమయంగా ఉంది, మధ్యలో గుర్తులేని ఘడియలు ఏమైనా ఉన్నాయా, తలనొప్పి ఉందా, వెలుతురు చూడగలుగుతున్నారా అని. ఆ తర్వాత జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచనా వేగం కొలిచే పరీక్షలు పెడతారు. వాటిలోంచి కొన్ని అంకెలు వస్తాయి.

ఆ అంకెల మీద ఆధారపడేవి చిన్న విషయాలు కావు. సైనికుడు మళ్లీ గస్తీకి వెళ్లాలా, ఇంటికి రావాలా, పింఛను వస్తుందా రాదా, అన్నిటికంటే ముఖ్యంగా తన మెదడు గురించి అతను ఏమనుకుంటూ మిగతా జీవితం గడుపుతాడు అన్నవన్నీ అక్కడే తేలతాయి. 2000 నుంచి ఇప్పటిదాకా అమెరికా సైన్యం నాలుగున్నర లక్షలకు పైగా మెదడు గాయాలను నమోదు చేసింది. వాటిలో 80 శాతానికి పైగా ఈ తేలికపాటి కోవలోవే. అంకెను తప్పుగా చదివితే ఇద్దరికి అన్యాయం జరుగుతుంది. గాయపడ్డవాడికి నటిస్తున్నాడన్న ముద్ర పడుతుంది. కోలుకున్నవాడు తన మెదడు చెడిపోయిందని నమ్మి కుంగిపోతాడు.

పుర్రె లోపల జరిగేది

స్పృహ అసలు తప్పకుండా, లేదా తప్పినా 30 నిమిషాల్లోపు తిరిగి వచ్చి, అయోమయం 24 గంటలకు మించకుండా, గుర్తులేని కాలం ఒక రోజు దాటకుండా, స్కాన్ మామూలుగా ఉంటే ఆ గాయాన్ని తేలికపాటిదని వర్గీకరిస్తారు. ఇదంతా మొదటి రోజు పరిస్థితిని బట్టి వేసే లెక్క. తర్వాత ఆ మనిషి ఎంత బాధపడతాడన్నది దీనిలో లేదు.

మెదడు చాలా మెత్తన. తల ఒక్కసారిగా కదిలి ఆగినా, గిర్రున తిరిగినా, పుర్రె ఆగిన క్షణానికే మెదడు ఆగదు. దాని పొరలు వేర్వేరు వేగాలతో కదిలి ఒకదాన్నొకటి లాగుతాయి. నాడీకణాల నుంచి పొడుగ్గా సాగి దూరంలో ఉన్న కణాలకు సంకేతాలు మోసుకెళ్లే ఆక్సాన్లు అనే తంతువులు ఆ లాగుడుకు సాగుతాయి. తేలికపాటి గాయంలో చాలావరకు తెగిపోవు. అయితే వాటి పైపొర పట్టు తప్పుతుంది. లోపల ఉండాల్సిన పొటాషియం బయటికి, బయట ఉండాల్సిన కాల్షియం లోపలికి పోతాయి. ఈ తారుమారును సరిచేయడానికి కణం తన పంపులన్నిటినీ ఏకధాటిగా నడపాలి. అందుకు గ్లూకోజ్ బోలెడంత కావాలి. సరిగ్గా ఆ సమయంలోనే మెదడుకు రక్త ప్రసారం తగ్గుతుంది. అవసరం పెరిగి, సరఫరా తగ్గిన ఆ కొన్ని రోజులూ ఆలోచన మందగిస్తుంది, కొత్త విషయం బుర్రకెక్కదు, చదివిన వాక్యమే మళ్లీ చదవాల్సి వస్తుంది.

యుద్ధరంగంలో దీనికి ఇంకొకటి తోడవుతుంది. రోడ్డు పక్కన పాతిపెట్టిన బాంబు పేలితే మనిషి ఎగిరిపడే లోపే పీడన తరంగం అతని తలలోంచి దూసుకుపోతుంది. ఆ వెంటనే తల వాహనం గోడకు కొట్టుకుంటుంది. ఇరాక్, అఫ్గానిస్తాన్లలో చాలామందికి ఈ రెండు దెబ్బలూ కలిసే తగిలాయి.

ఈ శక్తి కొరత ఎప్పటికీ ఉండేది కాదు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాళ్లు 1,631 మందిని పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో తలకు ఇలాంటి దెబ్బ తగిలిన 94 మంది కనబడ్డారు. వాళ్ల పరీక్ష స్కోర్లు అయిదు నుంచి ఏడు రోజుల్లో మళ్లీ మామూలు స్థాయికి వచ్చాయి. రోడ్డు ప్రమాదాల వంటి వాటిలో గాయపడిన సాధారణ పౌరుల అధ్యయనాలన్నీ కలిపి చూసినా, సగటున మూడు నెలలు దాటాక పరీక్షల్లో తేడా మిగలడం లేదు. స్కోరు షీట్ చేతికి తీసుకున్న ఎవరైనా మొదట చూడాల్సింది అందుకే తేదీని. గాయం అయిన మూడో రోజు తగ్గిన స్కోరు ఒకటి చెబుతుంది. మూడో ఏట తగ్గిన స్కోరు దాదాపు ఎప్పుడూ వేరే సంగతి చెబుతుంది.

మొదటి పన్నెండు గంటలు

యుద్ధరంగంలోనే చేయడానికి అమెరికా సైన్యం 2006లో ఒక పరీక్షను ప్రవేశపెట్టింది. దాని పేరు మేస్. కాగితం, పెన్ను ఉంటే చాలు. ఇవాళ ఏ నెల, ఏ తేదీ, ఏ వారం, ఏ సంవత్సరం, టైమ్ ఎంత అని అడుగుతారు. అయిదు మాటలు చెప్పి, మూడుసార్లు తిరిగి చెప్పమంటారు. అంకెలను వెనక నుంచి ముందుకు, నెలలను డిసెంబరు నుంచి జనవరికి చెప్పమంటారు. కొంతసేపటికి ఆ అయిదు మాటలూ మళ్లీ అడుగుతారు. మొత్తం 30 మార్కులు. 2010లో, పేలుడుకు 50 మీటర్లలోపు ఉన్న ప్రతి సైనికుణ్ణీ, అతను బాగానే ఉన్నానన్నా సరే, వైద్య సిబ్బంది చూడాలని, 24 గంటలు విశ్రాంతి ఇవ్వాలని అమెరికా రక్షణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది.

ఈ పరీక్ష గట్టిగా పనిచేసే సమయం చాలా తక్కువ. ఇరాక్‌లో సైనికుల మీదే పరిశీలించి 2010లో ప్రచురించిన ఫలితం ప్రకారం, గాయమై 12 గంటలు దాటాక పరీక్ష పెడితే గాయపడ్డవారి స్కోరుకూ పడనివారి స్కోరుకూ తేడా పట్టుకోవడం కష్టం. పేలుడు జరిగిన చోటి నుంచి వైద్యుడి దగ్గరికి చేరేసరికే ఆ గడువు దాటిపోయే సందర్భాలు యుద్ధంలో ఎన్నో.

మరో చిక్కు మనుషులది. తోటివాళ్లను వదిలి ఆసుపత్రి మంచం మీద పడుకోవడం చాలామంది సైనికులకు మనస్కరించదు. ఆ అయిదు మాటలూ ముందే కంఠస్థం చేసి పెట్టుకున్న వాళ్లున్నారు. అందుకే ఈ పరీక్షకు వేర్వేరు మాటలతో అనేక ప్రతులు తయారుచేయాల్సి వచ్చింది. పరిహారం కోసం స్కోరు తగ్గించుకునేవారి గురించి లోకం ఎక్కువగా మాట్లాడుతుంది గానీ, యుద్ధం జరుగుతున్న చోట వైద్యులకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కు దీనికి పూర్తిగా తిరగబడినది.

వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి

ఒక మనిషి స్కోరును ఊరందరి సగటుతో కాక, అతని సొంత పాత స్కోరుతోనే పోల్చితే ఈ తికమకలన్నీ తీరిపోతాయి కదా? ఈ ఆలోచన ఎవరికైనా సబబుగానే తోస్తుంది. 2008లో అమెరికా రక్షణ శాఖ దాన్ని అమల్లో పెట్టింది. యుద్ధరంగానికి వెళ్లే ప్రతి ఒక్కరూ బయలుదేరడానికి ముందు ఏడాది లోపల కంప్యూటర్ ముందు కూర్చుని సుమారు 20 నిమిషాల పరీక్ష రాయాలి. దాని పేరు అనామ్. తెరమీద గుర్తు కనబడగానే మౌస్ నొక్కడం, అంకెలకు గుర్తులను జతపరచడం, చిన్న చిన్న కూడికలు తీసివేతలు, చూసిన గళ్ల బొమ్మను కాసేపయ్యాక గుర్తుపట్టడం, ఇలాంటి చిన్న పరీక్షల వరస అది. పది లక్షలకు పైగా బేస్‌లైన్, అంటే ముందస్తు, స్కోర్లు పోగయ్యాయి.

రెండేళ్లు తిరక్కుండానే దానిమీద సందేహాలు మొదలయ్యాయి. 2010లో అప్పటి సైనిక వైద్య విభాగాధిపతి ఎరిక్ షూమేకర్ అమెరికా కాంగ్రెస్ ముందుకు వచ్చి, గాయం ఉందో లేదో ఈ పరీక్షతో చెప్పడం నాణెం ఎగరేసి చెప్పడం లాంటిదేనన్న అర్థంలో మాట్లాడారు. తర్వాత ఇరాక్‌లో జరిగిన పరిశీలన కాస్త నిదానమైన జవాబు ఇచ్చింది. గాయమైన మొదటి 72 గంటల్లో పెడితే ఈ పరీక్ష మందగించిన మెదడును పట్టుకుంటుంది. పది రోజులయ్యాక పట్టుకోలేదు. ఈ పరీక్షకు చేతనైన పని ఒకటుంది, చేతగానిది ఒకటుంది. రెండోదాన్ని కూడా దానిచేత చేయించబోవడంతోనే ఇబ్బంది వచ్చింది.

బేస్‌లైన్ అన్న ఆలోచనలోనే ఇంకో బలహీనత ఉంది. ఆ మొదటి స్కోరు ఎక్కడ, ఎలా పుట్టింది? బయలుదేరే హడావుడిలో, టీకాలకూ సామాను లెక్కలకూ మధ్య, గదినిండా కూర్చోబెట్టి రాయించిన పరీక్ష అది. ముందు రాత్రి నిద్ర లేనివాడు, ఇంట్లో చంటిబిడ్డను వదిలి వెళుతున్నవాడు, ఈ పరీక్షతో తనకేం పని అనుకుని చేతికొచ్చింది నొక్కినవాడు, అందరివీ బేస్‌లైన్లే. ముందు స్కోరు పడిపోయి ఉంటే, తర్వాత వచ్చిన గాయం దాని నీడలో దాక్కుంటుంది.

---

బాక్స్: ఎంత తగ్గితే తగ్గినట్టు?

ఏ గాయమూ లేని మనిషికి ఒకే పరీక్ష నెల తేడాతో రెండుసార్లు పెట్టండి. రెండు స్కోర్లూ ఒకేలా రావు. నిద్ర, ఆకలి, గదిలో చప్పుడు, అదృష్టం, అన్నీ కాస్త కాస్త చెయ్యి వేస్తాయి. ఈ సహజమైన ఊగిసలాట ఎంతో ముందు తెలియాలి.

అందుకని నిపుణులు గాయం లేని పెద్ద గుంపుకు రెండుసార్లు పరీక్ష పెట్టి, ఎంతమందికి ఎంత తేడా వచ్చిందో చూస్తారు. ఇప్పుడు మన సైనికుడి స్కోరు 12 పాయింట్లు తగ్గిందనుకుందాం. గాయం లేనివాళ్లలో కూడా నూటికి పాతికమందికి అంత తగ్గుతూ ఉంటే దాన్ని పట్టించుకోనవసరం లేదు. నూటికి ఇద్దరికో ముగ్గురికో మాత్రమే తగ్గుతూ ఉంటే ఆగి చూడాలి.

ఇంకో రెండు మెలికలున్నాయి. రెండోసారి రాసేటప్పుడు అలవాటు వల్ల స్కోరు సహజంగానే కొంత పెరగాలి. పెరగకుండా అక్కడే ఆగిపోయిందంటే లోపల తగ్గుదల దాగి ఉండవచ్చు. అలాగే మొదటిసారి అసాధారణంగా ఎక్కువ తెచ్చుకున్నవాడు రెండోసారి, ఏమీ జరగకపోయినా, తన మామూలు స్థాయి వైపు దిగుతాడు.

---

పరీక్షలు పెరిగేకొద్దీ తక్కువ మార్కులు తప్పవు

నెలలు గడిచినా ఫిర్యాదులు తగ్గని సైనికుణ్ణి న్యూరోసైకాలజిస్టు దగ్గరికి పంపుతారు. అక్కడ పరీక్ష గంటల తరబడి సాగుతుంది. కథలు విని తిరిగి చెప్పడం, బొమ్మలు గీయడం, ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు నిమిషంలో ఎన్ని చెప్పగలరో చెప్పడం, రంగు పేరు ఒకటి, రాసిన సిరా రంగు ఒకటి ఉన్నప్పుడు సిరా రంగునే చదవడం. చివరికి ఇరవై ముప్ఫై స్కోర్లున్న కాగితం తయారవుతుంది. అందులో రెండు మూడు తక్కువగా ఉంటాయి. ‘ఇదిగో, జ్ఞాపకశక్తి దెబ్బతింది’ అని వాటికింద గీత గీయాలనిపించడం సహజం.

పదో తరగతి మార్కుల జాబితా ఒకటి గుర్తు తెచ్చుకోండి. లెక్కల్లో 95, సైన్సులో 91, తెలుగులో 88, హిందీలో 52. ఆ పిల్లకు హిందీ పరీక్షనాడు తలకు దెబ్బ తగిలిందని ఎవరూ అనరు. మనిషి తెలివి అన్ని దిక్కులా ఒకే ఎత్తులో ఉండదు. సబ్జెక్టులు ఎక్కువయ్యే కొద్దీ ఎక్కడో ఒకచోట పల్లం కనబడే అవకాశమూ పెరుగుతుంది. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు పూర్తి పరీక్షల వరస పెట్టినప్పుడు చాలామందికి ఒకటి రెండు ‘అసాధారణ’ స్కోర్లు వస్తాయని న్యూరోసైకాలజీ అధ్యయనాలు పదేపదే చూపించాయి. ఒక్క స్కోరు కూడా తగ్గకుండా అన్నిటా బాగా రావడమే అరుదు.

---

బాక్స్: వందమందిలో 64

ఆరోగ్యవంతుల్లో నూటికి అయిదుగురికి మాత్రమే అంతకంటే తక్కువ వచ్చే చోట గీత గీసి, దాని కింద వచ్చిన స్కోరును ‘తక్కువ’ అందాం. ఇలాంటివి 20 పరీక్షలు పెట్టాం. పరీక్షలకు ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకుంటే, వందమంది ఆరోగ్యవంతుల్లో 64 మందికి కనీసం ఒక్కటైనా తక్కువ స్కోరు వస్తుంది. గీతను కాస్త పైకి జరిపి నూటికి 16 మంది పడేలా చేస్తే, పది పరీక్షలకే 80 మందికి పైగా చిక్కుతారు.

నిజానికి ఒకే మనిషి రాసే పరీక్షల మధ్య సంబంధం ఉంటుంది, కాబట్టి అసలు సంఖ్య ఇంతకంటే కొంత తక్కువ. అయినా కొట్టిపారేయగలిగినంత చిన్నది కాదు.

---

దీనికి జవాబు పరీక్షలు మానేయడం కాదు. తక్కువ స్కోర్లు ఎన్ని, అవన్నీ ఒకే రకం సామర్థ్యానికి చెందినవా, గాయం తీరుకు సరిపోయేవా అని చూడాలి. వేగం, ఏకాగ్రత, కొత్తవి నేర్చుకోవడం, ఇవన్నీ గాయం తర్వాతి రోజుల్లో కలిసి తగ్గితే దానికి అర్థం ఉంది. మిగతావన్నీ బాగుండి బొమ్మ గీయడంలో మాత్రమే తక్కువ వస్తే అది బహుశా బడి రోజుల నుంచీ ఉన్నదే. చదువునూ లెక్కలోకి తీసుకోవాలి. పదో తరగతితో ఆపి సైన్యంలో చేరినవాడికి సగటు స్కోరు అతని సహజ స్థాయి కావచ్చు. ఇంజినీరింగ్ చదివిన అధికారికి అదే స్కోరు పెద్ద పతనం కావచ్చు.

నిద్ర, నొప్పి, భయం

ఈ విషయంలో అందరూ తెలుసుకోవాల్సిన అధ్యయనం 2008లో వచ్చింది. సైనిక మనోవైద్యుడు చార్లెస్ హోజ్ బృందం ఇరాక్ నుంచి తిరిగివచ్చి మూడు నాలుగు నెలలైన 2,525 మంది సైనికులను పరిశీలించింది. పేలుడులోనో మరోలానో స్పృహ తప్పినవారిలో 43.9 శాతం మందికి పీటీఎస్‌డీ, అంటే ఘోర అనుభవం తర్వాత మనసును వదలని భయం, ఉన్నట్టు తేలింది. స్పృహ తప్పకుండా అయోమయానికి మాత్రమే గురైనవారిలో 27.3 శాతం. ఒంటికి వేరే గాయాలైనవారిలో 16.2 శాతం. ఏ గాయమూ లేనివారిలో 9.1 శాతం.

అసలు కీలకం తర్వాతి లెక్కలో ఉంది. పీటీఎస్‌డీ, డిప్రెషన్ల ప్రభావాన్ని విడదీసి చూస్తే, తిరిగివచ్చిన సైనికులు చెప్పిన శారీరక బాధల్లో తలనొప్పి ఒక్కటే తలగాయానికి అంటిపెట్టుకుని మిగిలింది. నిద్ర పట్టకపోవడం, చిరాకు, మతిమరుపు, మనసు నిలవకపోవడం, ఇవన్నీ రెండిటిలోనూ ఉండే లక్షణాలు. రాత్రుళ్లు పీడకలలతో లేచి కూర్చునే మనిషికి పగలు అయిదు మాటలు గుర్తుండకపోవడంలో వింత లేదు. ఆ బాధ కల్పితమని దీని అర్థం కాదు. ఆ బాధకు మందు ఇంకోచోట ఉందని. పీటీఎస్‌డీకి మంచి చికిత్సలున్నాయి. ‘ఇదంతా మెదడు గాయమే, చేయగలిగింది లేదు’ అని సైనికుణ్ణి పంపించేస్తే అతనికి అందాల్సిన చికిత్స అందకుండా పోతుంది.

జెన్నిఫర్ వాస్టర్లింగ్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనం ఇంకా ఆలోచింపజేస్తుంది. ఇరాక్‌కు వెళ్లివచ్చిన 654 మందిని, వెళ్లని 307 మందితో పోల్చారు. ముందూ తర్వాతా పరీక్షలు పెట్టారు. వెళ్లివచ్చినవారిలో ఎక్కువసేపు ఏకాగ్రత నిలపడం, విన్నవి నేర్చుకోవడం, చూసిన బొమ్మలు గుర్తుంచుకోవడం తగ్గాయి. తలకు దెబ్బ తగలడాన్ని లెక్కలోంచి తీసేసినా ఆ తేడా ఉంది. అయితే ఒక్క విషయంలో మెరుగయ్యారు. తెరమీద ఏదైనా కనబడగానే స్పందించే వేగం పెరిగింది. ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడి సిద్ధంగా ఉండాల్సిన చోట నెలల తరబడి బతికిన మెదడు అలా మారింది. తగ్గినది కూడా, పెరిగినది కూడా యుద్ధం రాసినవే. అందులో పేలుడు పాత్ర ఎంత అని స్కోరు ఒక్కటే చెప్పలేదు.

నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు, మద్యం, చెవుల్లో ఆగని హోరు, వెన్నునొప్పి, వీటిలో ఏదైనా స్కోరును తగ్గించగలదు. పరీక్షకు ముందు వీటిని వివరంగా అడగని రిపోర్టును నమ్మడం కష్టం.

మనసు పెట్టి రాశారా?

మెదడు పరీక్షకూ రక్తపరీక్షకూ ఒక పెద్ద తేడా ఉంది. రక్తపరీక్షలో రోగి ప్రయత్నంతో పనిలేదు. ఇక్కడ ప్రయత్నం లేకపోతే ఫలితమే లేదు. అందుకే ప్రయత్నాన్ని కొలిచే పరీక్షలు కూడా మధ్యమధ్య కలుపుతారు. కెనడా మనస్తత్వవేత్త టామ్ టోంబా 1996లో తయారుచేసింది వాటిలో బాగా వాడుకలో ఉన్నది. 50 బొమ్మలు ఒకటి తర్వాత ఒకటి చూపిస్తారు. తర్వాత రెండేసి బొమ్మలు పక్కపక్కన పెట్టి ఇందులో ఇందాక చూసింది ఏదని అడుగుతారు. కష్టంగా కనబడుతుంది గానీ చాలా సులువు. మెదడుకు గట్టి దెబ్బ తగిలినవాళ్లు కూడా సాధారణంగా 45కు పైనే తెచ్చుకుంటారు. కళ్లు మూసుకుని చెప్పినా సుమారు 25 రావాలి. 25 కంటే బాగా తక్కువ వచ్చిందంటే, సరైన జవాబు తెలిసి తప్పించాడన్నమాట.

ఇంత తక్కువ తెచ్చుకునేవాళ్లు కొద్దిమందే. చాలామంది 45కూ 25కూ మధ్య ఆగుతారు. ఎంతమంది అన్నది పరీక్ష ఎందుకు పెట్టారన్నదాన్ని బట్టి మారుతుంది. పరిహారం ప్రస్తావన ఉన్నచోట ఎక్కువగా, చికిత్స కోసమే వచ్చినచోట తక్కువగా ఉంటుంది. ఇక్కడ రిపోర్టు రాసేవారి చేతిలో ఒకరి పరువు ఉంటుంది. ప్రయత్న పరీక్షలో తప్పాడంటే, ఆ రోజు వచ్చిన మిగతా స్కోర్లతో ఏమీ చెప్పలేమని మాత్రమే అర్థం. గాయం లేదని కాదు, అబద్ధాలకోరు అనీ కాదు. నిస్పృహ, కోపం, నిద్రలేమి, తన బాధను ఎవరూ నమ్మడం లేదన్న ఆత్రం, ఇవన్నీ మనిషిని అక్కడికి నెట్టగలవు. ఆ సైనికుణ్ణి కూర్చోబెట్టి మాట్లాడి, కొన్నాళ్లకు మళ్లీ పరీక్షించడమే న్యాయమైన దారి.

అనుకోకుండా తగ్గేదీ ఉంది. 2002లో జూలీ సూర్, జాన్ గన్‌స్టాడ్ అనే పరిశోధకులు ఎప్పుడో తలకు దెబ్బ తగిలిన కాలేజీ విద్యార్థులను పిలిచారు. ‘తలగాయం వల్లే మిమ్మల్ని ఎంచుకున్నాం’ అని కొందరికి చెప్పారు, మిగతావారికి ఆ ఊసే ఎత్తలేదు. పరీక్షలు అవే. గాయం సంగతి గుర్తుచేయించుకున్నవాళ్లకు తక్కువ స్కోర్లు వచ్చాయి. దెబ్బ తిన్నానన్న నమ్మకమే జ్ఞాపకాన్ని కుంటుపరిచింది. దీనికి మరో కొస కూడా ఉంది. గాయానికి ముందు తాము ఏదీ మరిచిపోయేవాళ్లం కాదని రోగులు మనస్ఫూర్తిగా నమ్ముతారు. గాయమే లేనివాళ్లు రోజూ తాళాలు, పేర్లు, అపాయింట్‌మెంట్లు ఎన్ని మరిచిపోతారో చూస్తే ఆ పాత రోజులు అంత బంగారంలా ఉండి ఉండవు.

ఈ జ్ఞానాన్ని మేలుకు కూడా వాడవచ్చు. మెల్‌బోర్న్‌లో జెన్నీ పాన్స్‌ఫర్డ్ బృందం తేలికపాటి మెదడు గాయమైన పెద్దవారికి మొదటి వారంలోనే ఒక చిన్న పుస్తకం ఇచ్చింది. ఏ లక్షణాలు వస్తాయి, ఎలా తగ్గుతాయి, ఈలోగా ఏం చేయాలి అన్నవి అందులో ఉన్నాయి. మూడు నెలలకు వాళ్లు చెప్పిన బాధలు, పుస్తకం అందనివాళ్ల బాధలకంటే తక్కువ.

అన్నీ బాగున్నాయని వస్తే?

ఇంతవరకూ చెప్పింది తక్కువ స్కోరును తొందరపడి గాయమనవద్దని. దీనికి అవతలి తప్పూ అంతే ప్రమాదకరం. స్కోరు బాగుంది కాబట్టి ఏమీ కాలేదనడం. 2011లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, జర్మనీలోని లాండ్‌స్టూల్ సైనిక ఆసుపత్రికి చేరిన 63 మంది అమెరికా సైనికులకు నాడీ తంతువుల దారులను చూపే ప్రత్యేక ఎమ్మారై తీశారు. అందరిదీ పేలుడు వల్ల వచ్చిన తేలికపాటి గాయమే. వారిలో 18 మందిలో తంతువుల దెబ్బ స్పష్టంగా కనబడింది. నిశ్శబ్దమైన గదిలో, ఒకేసారి ఒకే పని చేయించే పరీక్ష రేడియో మోగుతుండగా, మ్యాపు చూస్తూ, వాహనం నడిపే మనిషి కష్టాన్ని పూర్తిగా పట్టుకోలేదు. మేస్ కొత్త ప్రతిలో కళ్ల కదలికలు, తూలుడు, శరీర సమతౌల్యం చూసే భాగాలు కూడా చేర్చారు.

మన దగ్గరి కొలబద్దలు

స్కోరును ఏ గుంపుతో పోల్చుతున్నామన్నది ప్రపంచంలో ఎక్కడైనా మొదటి ప్రశ్నే. 1944 నాటి అమెరికా సైనిక పరీక్షల్లోంచి వచ్చి ఇప్పటికీ వాడుకలో ఉన్న ట్రెయిల్ మేకింగ్ పరీక్షలో 1 నుంచి ఏ కి, ఏ నుంచి 2కి, 2 నుంచి బీ కి గీతలు కలపాలి. ఇంగ్లీషు అక్షరాల వరస నాలుక చివర లేని తెలుగు జవానుకు అది మెదడు వేగాన్నే కాక బడి చదువునూ కొలుస్తుంది. అక్షరాల బదులు రంగులు పెట్టిన రకం వచ్చింది ఇందుకే. బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2004లో భారతీయుల కోసం వయసు, చదువు, ఆడ మగ తేడాలను బట్టి ప్రామాణిక స్కోర్లతో పరీక్షల వరస తెచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి రూపొందించిన పరీక్షల సంపుటి తెలుగుతో సహా అయిదు భాషల్లో ఉంది. అందులో హైదరాబాద్‌లోని నిమ్స్ పాత్ర ఉంది. అయితే అది ముఖ్యంగా పక్షవాతం, మతిమరుపు జబ్బులున్న పెద్దవయసు వారికోసం. బైకు మీంచి పడ్డ పాతికేళ్ల కుర్రాడికీ, సరిహద్దులో పేలుడుకు గురైన జవానుకూ వాళ్ల వయసు, చదువు, భాషకు తగిన కొలబద్ద కావాలి.

ఫలానా రోజు అంటూ లేని గాయం

ఇప్పుడు ప్రశ్న ఇంకో మెట్టు ఎక్కింది. ఫిరంగులు, భుజం మీంచి పేల్చే భారీ ఆయుధాలు వాడేవారికి ఒక్క పెద్ద పేలుడు తగలదు. శిక్షణలోనే, తమ ఆయుధం నుంచే, ఏళ్లపాటు వేలాది చిన్న పీడన తరంగాలు తగులుతాయి. గాయమైన రోజు అంటూ ఏదీ లేదు కాబట్టి ముందు, తర్వాత అన్న పోలికకు తావు లేదు. 2024 ఆగస్టులో అమెరికా రక్షణ శాఖ కొత్త ఉత్తర్వు ఇచ్చింది. సైన్యంలో కొత్తగా చేరేవారికి మొదట్లోనే బేస్‌లైన్ పరీక్ష పెట్టాలని, ఎక్కువ పేలుళ్ల దగ్గర పనిచేసేవారికి కొన్నేళ్లకోసారి మళ్లీ పెట్టాలని దాని సారం.

2008 నాటి తప్పు పునరావృతం కాకుండా ఉండాలంటే ఆ మొదటి పరీక్షను తీరిగ్గా, నిద్రపోయి లేచిన మనిషికి పెట్టాలి. ప్రయత్నం ఎంతో కూడా అప్పుడే కొలవాలి. తర్వాత వచ్చే స్కోర్లను జంటలు జంటలుగా కాకుండా ఏళ్ల వరసగా చూడాలి. వయసు పెరిగేకొద్దీ అందరికీ వేగం కొంత తగ్గుతుంది. పదేపదే రాయడంతో కొంత పెరుగుతుంది. ఈ రెండిటినీ తీసేసి చూడటానికి, ఫిరంగుల దగ్గర ఎప్పుడూ పనిచేయని అదే వయసు సైనికులకు కూడా అవే పరీక్షలు, అన్నేళ్లూ పెట్టాల్సి ఉంటుంది.